స్టేజీ సరే, చెరువు సంగతేంటి? డల్లాస్ వనభోజనాల కమిటీలకు బహిరంగ లేఖ

డల్లాస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వనభోజనాల కమిటీలకు, యూనివర్సిటీల్లో మన స్టూడెంట్ గ్రూపులు నడిపే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

మళ్లీ వనభోజనాల ఫ్లయర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చూస్తుంటే నోరూరుతోంది. గోంగూర మటన్, గుత్తివంకాయ, పులిహోర, అక్కడికక్కడ వేసిచ్చే దోశలు. కింద స్పాన్సర్ల ఫొటోలు: రియల్టరు, టాక్సులు ఫైల్ చేసే ఆయన, ఇమ్మిగ్రేషన్ లాయరు. పక్కన తంబోలా, అంత్యాక్షరి, ఆడవాళ్లకు మ్యూజికల్ చైర్స్. ఇంతకీ ఎక్కడ అని వెతికితే అడుగున చిన్న అక్షరాల్లో ఓ స్టేట్ పార్కు పేరు, పెవిలియన్ (పిక్నిక్‌లకు అద్దెకిచ్చే పైకప్పున్న మంటపం) నంబరు. ఆ పార్కు పెద్ద చెరువు ఒడ్డున ఉంటుందన్న సంగతి ఎక్కడా లేదు. నీళ్ల దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తారో లేదు. లైఫ్ జాకెట్ అన్న మాట నాకొచ్చిన ఒక్క ఫ్లయర్‌లోనూ కనపడలేదు.

ఈ ఉత్తరం అందుకే.

నేను గట్టు మీద కూర్చుని వంకలు పెట్టే రకం కాదు. ఈ కమిటీల్లో చేరి అల్యూమినియం ట్రేలు మోసినదాన్నే, తెల్లారుజామున వెళ్లి పెవిలియన్ స్తంభాలకు మామిడాకుల తోరణాలు కట్టినదాన్నే. మామిడాకులంటే ప్లాస్టిక్‌వే లెండి. ఆదివారం పూట నిద్ర మానుకుని వందలమందికి వడ్డించడం ఎంత కష్టమో తెలుసు. ఊళ్లో కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద చేసుకునే వాటిని ఇక్కడ స్కూళ్ల సెలవులు చూసుకుని మే, జూన్ నెలలకు జరపడంలో కూడా నాకేం పేచీ లేదు. కానీ చలికాలపు కార్తీకంలో స్నానాలకు తప్ప నీళ్ల జోలికి ఎవరూ పోరు. టెక్సాస్ జూన్ ఎండలో పిల్లలు నీళ్లలోకి దిగకుండా ఉండరు. తిథి మార్చుకున్నాం, దాంతోపాటు మారాల్సిన జాగ్రత్త మారలేదు.

మన పిక్నిక్ ఎలా జరుగుతుందో ఒకసారి కళ్లముందుకు తెచ్చుకోండి. పెవిలియన్‌లో ఒక చివర స్పీకర్లు, బ్యానరు. కుర్చీలన్నీ బ్యానరు వైపు. పెద్దవాళ్లందరి వీపులూ చెరువు వైపు. పిల్లలకు స్టేజీ మీద స్పాన్సరు మాట్లాడే మాటలు ఎందుకు? వాళ్లు చూసేది నీళ్లనే.

పోయిన వేసవిలో ఒక పిక్నిక్‌లో (ఏ సంఘానిదో చెప్పను, అందరివీ ఇలాగే జరుగుతాయి) తాడులాటకు మగవాళ్ల పేర్లు మైకులో పిలుస్తున్నారు. ఆరేళ్లుంటాయేమో, ఒక పిల్లాడు కాగితం కప్పు పట్టుకుని చేపపిల్లల కోసం నీళ్లలోకి దిగాడు. చీలమండ దాకా, పిక్కల దాకా, మోకాళ్ల దాకా. ఆ తర్వాత అడుగుకి ఒక్కసారిగా గడ్డం దాకా. వాడు అరవలేదు. తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడు, అంతే. కాస్త అవతల గాలం వేసుకుంటున్న పెద్దాయన, మనవాడు కాదు, బూట్లతోనే నడుం లోతుకి వెళ్లి చంకలో చెయ్యేసి ఎత్తుకొచ్చాడు. ఈ పిల్లాడు ఎవరి తాలూకు అని ఆయన అడుగుతున్నాడు, మైకు హోరులో ఎవరికీ వినపడటం లేదు. కప్పు మాత్రం వాడి చేతిలోనే ఉంది.

మునిగేవాళ్లు చేతులు ఊపుతూ కేకలు పెడతారని సినిమాల్లో చూసి మనం నమ్ముతాం. ఊపిరికే దిక్కులేనప్పుడు కేక ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండా, నిమిషం రెండు నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునగడమేనని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కారు ప్రమాదాలు కూడా ఆ తర్వాతే. మనం కారులో కార్ సీటు లేకుండా పిల్లాణ్ణి వీధి చివరిదాకా కూడా తీసుకెళ్లం. అదే పిల్లాణ్ణి చెరువు ఒడ్డున వదిలేసి పెరుగన్నం కలుపుకుంటాం.

ఇక్కడి చెరువుల స్వభావం కొంచెం తెలుసుకుంటే భయం ఎంత ఉండాలో అర్థమవుతుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే సీడర్ హిల్ స్టేట్ పార్కునే తీసుకోండి. డల్లాస్‌కి నైరుతిగా, జో పూల్ లేక్ ఒడ్డున 1,800 ఎకరాల పైచిలుకు. ఈ చెరువు దేవుడిచ్చింది కాదు. మౌంటెన్ క్రీక్, వాల్‌నట్ క్రీక్ అనే రెండు వాగులకు అడ్డంగా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కట్టిన ఆనకట్ట వెనక 1986 నుంచి నీళ్లు నిలబెట్టారు. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, టెక్సోమా, మన చుట్టూ ఉన్నవన్నీ ఇలా కట్టినవే. అంటే అడుగున ఒకప్పటి వాగు గట్లు, చెట్ల మొద్దులు, గోతులు అలాగే ఉన్నాయి. ఈతకొలనులా మెల్లగా లోతు పెరగదు. నీళ్లు కూడా బురద రంగు, చేయి మునిగితే చేయి కనపడదు. నీటిమట్టం ఏటేటా మారుతుంది. 2015 వసంతపు వానలకు జో పూల్ పొంగి పార్కులో చాలా భాగం నీళ్లలోకి వెళ్లింది. పోయిన ఏడాది మోకాలి లోతున్న చోటు ఈ ఏడాదీ అంతే ఉంటుందని ఏమీ లేదు.

పైగా టెక్సాస్ స్టేట్ పార్కుల్లో ఈత ఒడ్డుల దగ్గర సాధారణంగా లైఫ్‌గార్డులు ఉండరు. మీ బాధ్యత మీదే అని బోర్డు ఉంటుంది. మన పిక్నిక్‌కి వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ బోర్డు చదివి ఉంటారు?

స్టూడెంట్ గ్రూపులవాళ్లకు విడిగా ఒక మాట. 2022 నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మిస్సోరీలో లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణ నుంచి చదువుకోడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. ఒకతను నీళ్లలో ఇబ్బంది పడుతుంటే రెండో అతను కాపాడబోయి దిగాడు. ఇద్దరూ తేలలేదు. ఇలాంటి వార్త చదివిన ప్రతిసారీ మనం చేసే పని ఏమిటి? గోఫండ్‌మీ లింకు పంపుకుంటాం, దేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చుకి చందాలు వేస్తాం. అందులో మన సంఘాల చురుకుదనానికి నిజంగా చేతులెత్తి మొక్కాలి. ఆ చురుకుదనంలో పదోవంతు ముందే చూపించండి అంటున్నాను.

స్నేహితుడు మునుగుతుంటే దూకకుండా నిలబడటం మనిషికి చాలా కష్టం. ఊళ్లో బావుల దగ్గరా, కాలవల దగ్గరా కూడా ఒకడి వెంట ఒకడు పోవడం మనం ఎరిగినదే. అందుకే ఏం చేయాలో ముందుగా చేతికి అలవాటు కావాలి. దిగొద్దు, విసరండి. తాడు, బంతి, మూత పెట్టిన ఖాళీ కూలరు, ఏది తేలితే అది. ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో అందివ్వండి. ఈలోగా ఒకరు 911కి ఫోన్ చేయాలి. పార్కు పేరు ఒక్కటీ చెబితే చాలదు, అన్ని వందల ఎకరాల్లో మిమ్మల్ని ఎక్కడని వెతుకుతారు? ఏ పెవిలియనో, ఏ బోట్ ర్యాంపు పక్కనో చెప్పగలగాలి. ఫ్లయర్‌లో ఉన్న ఆ చిన్న అక్షరాల నంబరు అసలు పనికొచ్చేది అప్పుడే.

బోటు నడపాలనుకునే తమ్ముళ్లు ఇంకో సంగతి గమనించండి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సాస్‌లో 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. మీలో దాదాపు అందరూ ఆ తర్వాత పుట్టినవాళ్లే. జెట్ స్కీ ఎక్కితే వయసుతో పని లేదు, లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్లు నిండని పిల్లల ఒంటి మీద జాకెట్ ఉండాలన్నది చట్టం. సీటు కింద ఉంటే లెక్కలోకి రాదు. అమెరికాలో బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. సెల్ఫీకి అడ్డమని తీసేసే వస్తువు కాదది.

ఇక ఎర్ర కప్పుల సంగతి. స్టేట్ పార్కులో నలుగురి ముందు మద్యం తాగడం, సీసా బయటపెట్టడం నిషేధం. పార్క్ పోలీసు వచ్చి జరిమానా వేస్తే నాకు బాధ లేదు. తాగి నీళ్లలోకి దిగితేనే బాధ. కమిటీవాళ్లు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ప్రతి పిక్నిక్‌లోనూ ఒక గంటకి ఇద్దరు చొప్పున పెద్దవాళ్లకు చెరువు డ్యూటీ వేయండి. వడ్డనకు వేస్తున్నారుగా, పార్కింగుకి వేస్తున్నారుగా. ఇక్కడి కొన్ని కుటుంబాలు ఈ పనికి మెడలో ఒక ట్యాగు వేసుకుంటాయి. ట్యాగు ఉన్నంతసేపు ఫోను లేదు, కబుర్లు లేవు, ప్లేటు లేదు, కళ్లు నీళ్ల మీదే. అయిపోగానే ట్యాగు తీసి ఇంకొకరి మెడలో వేయాలి. మెడలో వేసేదాకా డ్యూటీ మారినట్టు కాదు. ‘అందరూ ఉన్నారు కదా’ అన్న ధైర్యమే మన దగ్గర ఎక్కువ ప్రమాదకరం. అందరూ ఉన్నచోట ఎవరూ చూడరు.

లైఫ్ జాకెట్లు సంఘం తరఫున కొన్ని కొనండి. సౌండ్ సిస్టమ్ అద్దెలో ఎంత వాటా అవుతుందో మీరే లెక్క వేసుకోండి. చాలా పార్కుల్లో ఒడ్డున అరువు జాకెట్లు వేలాడదీసి ఉంటాయి కానీ మన గుంపుకి సరిపడా దొరకవు. కొనేటప్పుడు కోస్ట్‌గార్డ్ ఆమోదించిన ముద్ర చూడండి, వయసు కాకుండా బరువు చూడండి: 30 పౌండ్ల లోపు ఒక సైజు, 30 నుంచి 50 ఒకటి, 50 నుంచి 90 ఒకటి. తొడిగి బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది ఆ పిల్లాడిది కాదు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. గాలి ఊదే రింగులు, చేతులకు తొడిగే బుడగలు ఆటబొమ్మలు. వాటి మీద నమ్మకం పెట్టుకోకండి. చిన్న గాలికే రింగు పిల్లాడితో సహా లోపలికి కొట్టుకుపోతుంది.

అసలు మందు ఈత. మన పిల్లలు చాలామంది క్లాసులకు వెళ్తున్నారు, సంతోషం. వాళ్ల అమ్మానాన్నలకు రాదు. క్లాసు బయట గాజు అద్దం వెనక కూర్చుని వీడియో తీస్తాం. పిల్లాడు చెరువులో అలిసిపోతే వెళ్లగలిగేవాళ్లు ఇంట్లో ఒక్కరూ ఉండరు. వైఎంసీఏల్లో, సిటీ రిక్రియేషన్ సెంటర్లలో పెద్దవాళ్ల క్లాసులున్నాయి. ఆడవాళ్లు బట్టల గురించి మొహమాటపడతారు. నేనూ పడ్డాను. నిండు చేతులు, నిండు కాళ్ల స్విమ్ డ్రెస్సులు ఇప్పుడు అన్ని చోట్లా దొరుకుతున్నాయి. సంక్రాంతి ముగ్గుల పోటీకి హాలు బుక్ చేయగలిగిన సంఘం ఆడవాళ్ల బ్యాచ్ ఒకటి కట్టించి ఒక ఈతకొలనును గంటసేపు అద్దెకు తీసుకోలేదా? తానా, ఆటా లాంటి అమెరికా తెలుగువాళ్ల పెద్ద సంస్థలు చేయాలని ఎదురుచూడక్కర్లేదు, ఇది ఊరి స్థాయి పని.

ఇంతవరకూ భయపెట్టాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. నీళ్లకు దూరంగా ఉండమని కాదు నా గొడవ. ఆ పార్కును అద్దె హాలులా వాడుకుని వచ్చేస్తున్నామన్నదే ఇంకో గొడవ. ఊళ్లనుంచి ఆర్నెల్లకు వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్లి పెవిలియన్ మూల కుర్చీలో కూర్చోబెడతాం. అదే సీడర్ హిల్ పార్కులో పెన్ ఫార్మ్ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చి స్థిరపడిన ఒక రైతు కుటుంబం వందేళ్లకు పైగా సాగుచేసిన పొలం. పాత కొట్టాలు, తుప్పుపట్టిన వ్యవసాయ పనిముట్లు అలాగే ఉంచారు. ఒకసారి మా మామగారిని అక్కడికి తీసుకెళ్లాను. ఆయన పిక్నిక్‌లో రెండు గంటలు ‘ఊఁ’ అనడం తప్ప నోరు విప్పలేదు. అక్కడ విత్తనం గొర్రు లాంటి ఒక యంత్రం దగ్గర వంగి, ఇది ఇలా పడుతుంది, అది అలా మూస్తుంది అని చేత్తో చూపిస్తూ మనవడికి పాఠం మొదలుపెట్టారు. కాలి కింద మట్టి తీసి నలిపి ‘ఇది మన రేగడే’ అన్నారు. నిజమే. డల్లాస్ కింద నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే ఈ నేలను బ్లాక్‌లాండ్ ప్రెయరీ అంటారు. ఎండితే నెర్రెలిచ్చే, తడిస్తే ఉబ్బే నల్లమట్టి, ఒకప్పుడు అంతా పత్తి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ రైతుకి పరాయిది కాదు. ఆ మట్టిలో పుట్టిన పొడుగు గడ్డి మైదానాలు దాదాపుగా దున్నేసి పోయాయి. మిగిలిన కాసిని తునకల్లో కొన్ని ఈ పార్కులో ఉన్నాయి. మన పిల్లలకు ఇది ఎవరు చెబుతారు? తంబోలాలో వచ్చిన ప్రెషర్ కుక్కర్ చెప్పదు కదా.

గాలం సంగతి కూడా చాలామందికి తెలియదు. టెక్సాస్‌లో పెద్దవాళ్లు చేపలు పట్టాలంటే లైసెన్సు కావాలి. స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచి గానీ పియర్ (నీళ్లలోకి వంతెనలా కట్టిన నడవ) మీద నుంచి గానీ అయితే అక్కర్లేదు. కొన్ని పార్కులు గాలం కర్రలు, సామాను అరువిస్తాయి కూడా. ఎన్ని పట్టుకోవచ్చు, ఎంత సైజు అన్న నియమాలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. ఒడ్డున పదిమంది పిల్లలు, ఇద్దరు పెద్దలు, గాలాలు. నీళ్ల దగ్గరున్నట్టూ ఉంటుంది, చూసే కళ్లూ ఉంటాయి.

మిగతావి క్లుప్తంగా. మన స్పీకర్ల హోరు పక్క సైటువాళ్లకు వినపడితే పార్కు అధికారి రేంజరుకి చెప్పే హక్కు వాళ్లకుంది, చెబుతారు, చెప్పాలి కూడా. బ్లూబానెట్ పూలు, మొక్కలు పీకకూడదు. బాతులకు పూరీలు వేయకూడదు. విస్తళ్లూ ట్రేలూ మనమే సంచుల్లో కట్టి పారేయాలి, గాలికి చెరువులో తేలే థర్మోకోల్ గిన్నె ఎవరిదో పోల్చుకోడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. వారాంతాల్లో పార్కు నిండితే గేటు మూసేస్తారు కాబట్టి ప్రవేశం పాసులు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోమని ఫ్లయర్‌లో రాయండి. బిర్యానీ ట్రే ఒళ్లో పెట్టుకుని గేటు బయట ఆగిపోయినవాళ్ల బాధ చూడలేం. 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. ఏడాది పాస్ ఒకటి ఉంటే ఆ కారులో వచ్చినవాళ్లందరికీ రాష్ట్రమంతా స్టేట్ పార్కుల్లో ప్రవేశం ఉచితం, మన లెక్కల ప్రకారం చూసినా గిట్టుబాటే.

ఈ పార్కులు ఎప్పటికీ ఉంటాయన్న భరోసా కూడా పెట్టుకోకండి. డల్లాస్‌కి దక్షిణాన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ స్టేట్ పార్కు 2023లో మూతపడింది. భూమి రాష్ట్రానిది కాదు, ఒక విద్యుత్ సంస్థది. ఆ సంస్థ రియల్ ఎస్టేట్ కంపెనీకి అమ్మేసింది. అదే ఏడాది నవంబరులో కొత్త పార్కులకు భూములు కొనడానికి 100 కోట్ల డాలర్ల నిధి పెట్టాలా వద్దా అని ఓటింగు జరిగితే టెక్సాస్ జనం పెట్టమన్నారు. మనలో పౌరసత్వం వచ్చినవాళ్లు ఆ బ్యాలెట్ పత్రంలో పద్నాలుగోదైన ఈ ప్రతిపాదన దాకా చదివారో లేదో మరి.

నా విన్నపం ఇంతే. ఏ సంఘం అయినా సరే, పిక్నిక్ ప్లానింగ్ మీటింగులో ఒక పావుగంట ఈ విషయానికి ఇవ్వండి. చెరువు డ్యూటీ పట్టిక వేసే పని నేను తీసుకుంటాను. ఈ ఏడాది సౌండు, బ్యానరు ఖర్చులు మాట్లాడే ముందే జాకెట్ల లెక్క తేల్చండి. మైకు ఎలాగూ ఉంది కాబట్టి భోజనాల పిలుపుకి ముందు ఒకసారి, తాడులాటకు ముందు ఒకసారి ‘మీ పిల్లలు ఎక్కడున్నారో చూసుకోండి’ అని చెప్పించండి. స్పాన్సరు పేరు చదివే గొంతుతోనే, అంత గట్టిగా. మా గరాజ్‌లో పిల్లల సైజు జాకెట్లు కొన్ని, విసిరే తాడు సంచి ఒకటి ఉన్నాయి. కొనేదాకా ఎవరికి కావాలన్నా పట్టుకెళ్లండి. తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఎండబెట్టి ఇవ్వండి, తడివి మడిచి పెడితే బూజు పడుతుంది.

ఇట్లు,
మీ వడ్డన కమిటీలో ఒక వలంటీరు,
ఇర్వింగ్, టెక్సాస్